నాలుగు జతల బూట్లు, ఒక తొట్టి నీళ్లు

మా ఇంటికి కారు షెడ్డు ఉంది గానీ అందులో కారు నిలబడిన రోజులు తక్కువ. మా అబ్బాయి దాన్ని పాతదే కొన్నాడు. కొన్న మర్నాటి నుంచీ అది మేత బస్తాలు మోస్తూ రొయ్యల గుంటల దగ్గరే ఉంటుంది. ఖాళీగా పడి ఉన్న చోటును చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. అందుకని ఇంటిల్లిపాది చెప్పులూ బూట్లూ అక్కడికి చేర్చాను. షెడ్డు దాటి లోపలికి ఎవరూ చెప్పులతో అడుగు పెట్టకూడదని కట్టడి చేశాను. చుట్టాలు వచ్చినా, ప్రార్థన మందిరం నుంచి పాస్టరు అయ్యగారు వచ్చినా అదే మాట.

నేను చదివింది మూడో తరగతి వరకే. మనవరాలి పాత నోటు పుస్తకాల్లో రాయకుండా మిగిలిన కాగితాలు చించి కుట్టుకుని, వాటి మీద ఇది రాస్తున్నాను. తప్పులుంటే ఆ పిల్ల దిద్దుతుంది. దిద్దేటప్పుడు నవ్వకూడదని ముందే చెప్పాను.

చెప్పుల మీద నాకింత పట్టింపు ఎందుకో ఇంట్లో వాళ్లకు అర్థం కాదు. నా చిన్నప్పుడు మాకు ఆదివారం చెప్పులని ఒక జత ఉండేది. ఇంటి దగ్గర వాటిని చేతబట్టుకుని, ఉప్పునేల మీద వట్టి కాళ్లతో నడిచి, మందిరం బయట కుండలో నీళ్లతో కాళ్లు కడుక్కుని, అప్పుడు తొడుక్కునేవాళ్లం. పదడుగులు వేసి గుమ్మం దగ్గర మళ్లీ విడిచేవాళ్లం. ఆ పదడుగుల కోసం ఒక జతను ఏళ్ల తరబడి కాపాడుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో నలుగురికి పదిహేడు జతలున్నాయి. వాటిని కుప్పగా పడేస్తే నాకు నిద్ర పడుతుందా?

ఇనుప ర్యాకు కొందామని అబ్బాయి అన్నాడు. ఒద్దన్నాను. గుంటల దగ్గర పనికిరాకుండా పడి ఉన్న సర్వి కట్టెలు, అదే సరుగుడు కట్టెలు, తెప్పించి, వాటిని జానెడు ముక్కలు కొట్టించి, ఒక పాత చెక్క పలకకు ఏటవాలుగా దిగగొట్టించాను. మోకాలి బూట్లను వాటి మీద బోర్లా తగిలిస్తే నీళ్లు కారిపోతాయి, లోపల తేలు దూరదు. చిరిగిన మేత ట్రేలను ఇటుకల మీద పరిచి ఇంట్లో తొడిగే చెప్పులు వాటిలో పెట్టాను. అబ్బాయి పెళ్లినాటి తోలు బూట్లలో పాత పేపరు కూరి, ఎండిన వేపాకు వేసి, నా చిరిగిన నూలు చీరలో చుట్టి పైన పెట్టాను. మా పక్క సముద్రపు గాలికి తోలు నాలుగు రోజుల్లో పచ్చగా బూజు పడుతుంది. నా చీరలో చుట్టినవి పన్నెండేళ్లయినా నిగనిగలాడుతున్నాయి.

“నాయనమ్మా, నువ్వు నెల్లూర్లో చెప్పులంగడి పెట్టుంటే ఈ పాటికి మేడ కట్టుంటావు,” అంటుంది మనవరాలు.

“అంగడి పెడితే నీ చెప్పులు నేను అమ్మేసుంటా. ఆ రెండో చెప్పు యాడ పారేసినావో ముందు వెతుకు పో,” అంటాను నేను.

ఇంత ఒబ్బిడిగా ఉండే షెడ్డులో నా కంట్లో నలుసులా ఉండేవి మోకాలి బూట్లే. మాకు రెండు గుంటలు. ఇంటి వెనక ఉండేది ఇంటి గుంట, ఉప్పు కాలవ పక్కన ఉండేది కాలవ గుంట. అబ్బాయికీ కోడలికీ గుంటకొక జత చొప్పున మొత్తం నాలుగు జతల బూట్లు. అన్నీ నల్లవే, అన్నీ ఒకే అంగట్లో కొన్నవే. ఇంటి గుంటవి షెడ్డులో సర్వి కట్టెలకు వేలాడేవి. కాలవ గుంటవి మాత్రం కోడలు గేటు పక్కన బురదతోనే విడిచిపెట్టేది. ఒక గుంటలో తొడిగిన బూట్లతో ఇంకో గుంటలో దిగకూడదని, జబ్బు అంటుకుంటుందని ఆ పిల్ల ఎన్నోసార్లు చెప్పింది. నాకది చాదస్తంగా తోచేది. నీళ్లలో ఉండే రొయ్యకు బూటు వల్ల జబ్బేమిటి? కడగడానికి బద్ధకమై ఈ మాట చెబుతోందని అనుకునేదాన్ని. అనుకోవడమే కాదు, వినబడేలా అనేదాన్ని.

ఆ ఎండాకాలం కాలవ గుంటకు తెల్లమచ్చల జబ్బు వచ్చింది. రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలాయి. తల మీద పెంకులో సున్నపు చుక్కల్లాంటి మచ్చలు. ఆ జబ్బు వస్తే గుంటంతా పోవడానికి మూడు నాలుగు రోజులు చాలు. బతికున్న కాడికి పట్టి అమ్మాలని రెండు రోజులు వాళ్లిద్దరూ ఆ గుంటలోనే ఉన్నారు. మూడో రోజు పొద్దున్నే ఇల్లు చేరారు. కోడలు గేటు దగ్గరే బూట్లు విడిచేసి, కాళ్లు కడుక్కుంటూ చెప్పింది.

“అత్తమ్మా, గేటు కాడ బూట్లు ముట్టుకోబాకండి. బ్లీచింగ్‌లో నానబెట్టాల. లేచినాక నేను చూసుకుంటా.”

చెప్పి, అన్నం కూడా తినకుండా వెళ్లి పడుకుంది. అబ్బాయి అంతకుముందే నిద్రపోయాడు. ఇంటి గుంటకు మేత వేయడానికి మా వీధిలో ఒకాయన వచ్చి వెళ్లాడు.

నేను వాకిట్లో నిలబడి ఆ బూట్ల వంక చూశాను. బురద ఎండి పెచ్చులు కడుతోంది. అదీగాక కంపు. ఇంతగా అలిసిపోయిన పిల్ల లేచి మళ్లీ ఈ పని చేసుకోవాలా, నేనే చేసి పెడితే పోదా అనుకున్నాను. జాలితోనే చేశాను, ఆ మాట నిజం. కానీ ఎలా చేశానన్నది కూడా చెప్పాలి.

మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పు. ఆ నీళ్లతో కడిగితే బూట్ల మీద తెల్లగా చార కడుతుంది. మంచినీళ్లు ట్యాంకరులో వస్తాయి, బిందెలు లెక్కబెట్టుకుని వాడతాం. ఒక తొట్టి మంచినీళ్లు పోసి సబ్బు కలిపాక, రెండు జతలకే ఆ నీళ్లు పారబోయడానికి నాకు చేతులు రాలేదు. కట్టెలకు వేలాడుతున్న ఇంటి గుంట బూట్లు కూడా దించి, అదే తొట్టిలో ముంచి, అదే బ్రష్షుతో తోమాను. బ్లీచింగ్ పౌడరు జోలికి పోలేదు. సబ్బు ఉండగా అది ఎందుకనుకున్నాను. నాలుగు జతలూ ఎండలో పెట్టి, సాయంత్రం సైజు ప్రకారం వరసగా తగిలించాను. పెద్దవి అబ్బాయివి, చిన్నవి కోడలివి. షెడ్డు చూస్తుంటే కడుపు నిండిపోయింది. వాళ్లిద్దరూ తెల్లారేదాకా లేవనే లేదు.

మర్నాడు ఆదివారం. తెల్లవారగానే అబ్బాయి లేచి గుంటకు పోయాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కోడలు జుట్టు ముడేసుకుంటూ షెడ్డులోకి పోయి, వెంటనే తిరిగి వచ్చింది.

“అత్తమ్మా, గేటు కాడ బూట్లు యాడ?”

“యాడుంటాయి? ఉండాల్సిన కాడ ఉండాయి. కడిగి తగిలించినా. నీకు ఒక పని తప్పించినా.”

“యాటిని కడిగినారు?”

“అన్నిటినీ.”

“ఒకే నీళ్లలోనా?”

“మరి? జతకొక తొట్టి పోయడానికి మనింట్లో ఏమన్నా ఏరు పారతా ఉందామే?”

ఆ పిల్ల ముడేస్తున్న జుట్టు వదిలేసింది. “ఆయన యాడికి పోయినారు?”

“ఇంటి గుంటకు. బూట్లు ఏసుకునే పోయినాడులే, వట్టి కాళ్లతో కాదు,” అన్నాను, అదేదో మంచి కబురైనట్టు.

కోడలు వట్టి కాళ్లతో పెరట్లోంచి పరిగెత్తింది. “దిగబాకండి! దిగబాకండి!” అని ఆమె అరుపు వినబడుతూనే ఉంది. నేను వెనక గుమ్మంలోకి వచ్చి చూశాను. అబ్బాయి అప్పటికే మోకాటి లోతు నీళ్లలో నిలబడి నీళ్లకు గాలి పట్టించే ఏరియేటరు తాడు బిగిస్తున్నాడు.

అతను ఇంటికి వచ్చిన తీరు నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. బూట్లు విడిచి దూరంగా గిరాటు పెట్టాడు.

“ఎవురు కడిగింది?”

నా చేతిలో గరిటె ఉంది. నోరు తెరిచాను కూడా. ఈలోగా కోడలు అంది, “నేనే. నిన్న సందేళ లేచి తొందర్లో అన్నీ ఒకే తొట్టిలో ఏసినా.”

“బుద్ధుందామే నీకు? ఇన్నేళ్లుగా గుంటలు చేస్తుండావే, ఊరందరికీ చెప్తావే! ఉన్న ఒక్క గుంట గూడా పోతే ఏం జేస్తాం? నేను చెప్తుండా, ఇది గూడా పోయిందంటే గుంటలు పూడ్చి లారీ ఎక్కి ఊరొదిలి పోతా. మళ్లీ ఈ నీళ్ల మొహం చూడను.”

“లేదు బుద్ధి. సరేనా? బిన్నా పోయి బ్లీచింగ్ తీసుకురాండి ముందు.”

అతను వెళ్లిపోయాడు. నేను గరిటె పట్టుకుని అలాగే ఉన్నాను. మా అబ్బాయిని పెంచేటప్పుడు తప్పు చేసి దాచిపెడితే రెట్టింపు కొట్టేదాన్ని. అలాంటి నేను నోరు మూసుకున్నాను. భయమా అంటే భయం కాదు. ఇంట్లో అందరినీ సరిదిద్దే మనిషిని, నన్ను ఒకరు సరిదిద్దే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మధ్యాహ్నం కోడలిని అడిగాను. “ఎందుకట్టా చెప్పినావు?”

ఆ పిల్ల బియ్యంలో రాళ్లు ఏరుతున్నంత తేలిగ్గా అంది. “మిమ్మల్నంటే ఆయన నెల రోజులు కుములుతాడు. నన్నంటే సందేళకు మర్చిపోతాడు. ఏది మేలు?”

ఆ రోజు మేము ఎవరమూ మందిరానికి పోలేదు.

మేత కంపెనీ తరఫున గుంటలు చూసే కుర్రకారులో మా పక్కకు వచ్చే అతను సోమవారం వచ్చాడు. బూట్లు ఎంతసేపు ఎండాయని అడిగాడు. పగలంతా ఎండలో ఉన్నాయని నేనే చెప్పాను. “ఎండ బాగా తగిలుంటే కొంత నయమే అవ్వా. సబ్బు నీళ్లని నమ్మలేం. పది రోజులు చూడాల. అంతకన్నా నేను చెప్పలేను,” అన్నాడు.

పది రోజులు. గుంటలో రొయ్యలు మేత సరిగ్గా తింటున్నాయో లేదో చూడడానికి తాడు కట్టిన చదరపు వల పళ్లెం ఒకటి ఉంటుంది. దాన్ని చెక్ ట్రే అంటారు. రోజుకు నాలుగుసార్లు దాన్ని పైకి లాగి చూడాలి. అంతకుముందు నేను ఒక్కసారి కూడా చూసిన దాన్ని కాదు. మర్నాటి నుంచి కోడలి వెనకాలే పోయాను. గట్టు ఎక్కే చోట ఊదారంగు మందు నీళ్ల తొట్టి ఉంది. అందులో కాళ్లు ముంచితే గానీ నన్ను ముందుకు పోనివ్వలేదు. నేను చీర ఎత్తి పట్టి ముంచాను. నా పాదాలు వారం రోజులు వంకాయ రంగులో ఉన్నాయి.

గట్టు మీద ఆ పిల్ల పని చూశాను. ట్రే లాగి, మిగిలిన మేత చూసి, ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు ఎత్తేది. పేగు నల్లగా నిండి ఉందా, మీసాలు ఎర్రబడ్డాయా, పెంకు మీద ఏమన్నా ఉందా. చూసి నీళ్లలోకి వదిలేది. తరువాత కాలవ వైపు కాకులు వాలకుండా కట్టిన దారాలు చూసుకుంటూ గట్టు చుట్టూ తిరిగేది. ఎండలో ఇలా రోజుకు నాలుగు చుట్లు. ఇంటికి వచ్చి ఏమీ చెప్పేది కాదు. చెప్పకపోతే నాకేం తెలుస్తుంది? పగలు రెండు గంటలు నడుం వాలిస్తే బద్ధకమని నేను పక్కింటామెతో అన్న మాటలు ఆ గట్టు మీద కూర్చుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

నాలుగో రోజు ట్రేలో ఒక రొయ్య తల మీద తెల్లగా కనబడింది. కోడలు గోటితో తల పెంకు మెల్లగా ఊడదీసి ఎండకు పట్టింది.

“ఏందిమే? అదేనా?”

“ఉండండి అత్తమ్మా.”

“చెప్పమే!”

“కాదు. పాత పెంకు విడిచిన రొయ్య. మెత్తగా ఉంది, అంతే. చూడండి, పెంకులో చుక్కల్లేవు.” నవ్వబోయి, ట్రే కింద పెట్టింది. “మీరు నా కన్నా జాస్తి భయపడుతుండారే.”

“నీకు లేదా భయం?”

“ఉండాది. ఆయన నిజంగానే లారీ ఎక్కుతాడేమోనని ఉండాది.”

పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకే దానికి భయపడడం అదే మొదటిసారి. నేను ఆమె వీపు మీద చేయి వేశాను. వేసి, రవిక కుట్టు ఊడింది చూసుకో అన్నాను.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు నెల్లూరులో పరీక్ష చేయించిన రొయ్యలకు జబ్బు లేదని తేలింది. గుంట నిలబడింది. ఎండ కాపాడిందో, కోడలు పోయించిన మందులు కాపాడాయో, మేము చేసిన ప్రార్థనో నేను చెప్పలేను. ఎవరినడిగినా తలా ఒకటి చెప్పారు. రోజులు నిండాక ఇంటి గుంట పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, సక్రమంగా జరిగింది. ఐసు పెట్టెలు ఎక్కించిన లారీ కదిలిపోయేటప్పుడు మా అబ్బాయి దాని మీద ఎక్కలేదు. గట్టు మీద నిలబడి, కాలవ గుంటను ఎండగట్టి మళ్లీ ఎప్పుడు నీళ్లు పెట్టాలో వేళ్ల మీద లెక్కేసుకుంటున్నాడు.

షెడ్డులో ఏర్పాటు మార్చాను. సర్వి కట్టెల పలకను రెండు ముక్కలు కోయించి, ఒకటి లోపలి గోడకు, ఒకటి గేటు పక్క గోడకు కొట్టించాను. ఇంటి గుంట బూట్లకు ఎర్ర టేపు, కాలవ గుంట బూట్లకు తెల్ల టేపు. తొట్లు రెండు, బ్రష్షులు రెండు, వాటికీ అవే రంగులు. కొత్త తొట్టి కొన్నప్పుడు ఇంట్లో అందరూ నా ముఖం వైపు చూశారు. చూడనీ అనుకున్నాను.

పంట చేతికొచ్చినందుకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. ముందు గది చిన్నది కాబట్టి షెడ్డులోనే పట్టలు పరిచాం. బూట్ల పలకలకు దుప్పట్లు కడతానని కోడలు అంటే ఒద్దన్నాను. పాట అయింది, వాక్యం అయింది. ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అయ్యగారు అడిగారు. మా క్రైస్తవ కూడికల్లో దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందు చెప్పడం ఆనవాయితీ. నేను ఏనాడూ లేచిన దాన్ని కాదు. చదువుకున్న వాళ్లు చెబుతారులే అని కూర్చునేదాన్ని. ఆ రోజు లేచాను. మనవరాలు నా చీర కొంగు పట్టుకుని లాగింది, ఎక్కడికి పోతున్నానో అని.

“నేను జాస్తి చెప్పను. ఆ గోడకుండే బూట్లు చూడండి. యాటికాటికి రంగులేసి పెట్టినా. ముందట్లా లేవు. జబ్బు బూట్లు, మంచి బూట్లు ఒకే తొట్టిలో ముంచింది నేను. తొట్టెడు నీళ్ల కోసం. నా కోడలు ముట్టుకోబాకండి అని చెప్పినా ఇనలా. నా కొడుకు అడిగితే ఈ పిల్ల నేనే చేసినానని తిట్లు తినింది. నేను గరిటె పట్టుకుని గమ్మునుండా. దేవుడు గుంటను కాపాడినాడు, దానికి స్తోత్రం. ఈ పిల్లను మా ఇంటికి తెచ్చినాడు, దానికి ఇంకా స్తోత్రం. ఇన్నేళ్లుగా ఒక్కనాడు చెప్పలా. అంతే.”

కూర్చున్నాను. అయ్యగారు లేచి ప్రార్థన చేశారు.

ప్రార్థన అయ్యాక అబ్బాయి నా పక్కకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. “నాకు ఆ పొద్దే తెలుసమ్మా. సైజుల వారీగా తగిలించేది మనింట్లో ఎవురు?”

“తెలిసీ దాన్ని తిట్టినావా?”

“నిన్ను తిట్టలేక.”

“అయితే పోయి దాని కాడ చెప్పు ఆ మాట. నా కాడ కాదు,” అన్నాను. లేచి పోయాడు. ఏం చెప్పాడో నేను వినలేదు, వినాలని కూడా అనుకోలేదు.

వంటింట్లోకి పోయేసరికి కోడలు టీ గ్లాసులు వరసగా పెట్టి పోస్తోంది. నన్ను చూడకుండానే అంది.

“అంత మందిలో నా పరువు తీసినారు గదా అత్తమ్మా. మొగుడికి అబద్ధం చెప్పినానని అయ్యగారికి గూడా తెలిసిపాయ.”

“ఆ అబద్ధానికే గదమే నేను స్తోత్రం చెప్పింది.”

ఆ పిల్ల చేతిలో పాత్ర కింద పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. మా ఇంట్లో అందరూ తాగాక, మిగిలితే కోడలు తాగుతుంది. నేను పళ్లెంలోంచి మొదటి గ్లాసు తీసి ఆమె చేతిలో పెట్టాను. బయట నలభై మంది ఉన్నారని అంది. ఉండనీ, ముందు నువ్వు తాగమన్నాను. తాగేదాకా పళ్లెం ఎత్తనివ్వలేదు.